రెండో సూర్యావతి

“గన్నవరం దగ్గర గోదారి మీది అక్విడక్టు వంతెన మీద బస్సు ఆగిపోతే ఎలాగే? ముందుకీ వెనక్కీ కదలకుండా అక్కడే ఇరుక్కుపోతే నీ ఆట ఎవరాడతారు?” అన్నాను.

మా అమ్మాయి అరుగు మీద కూర్చుని బూట్ల లేసులు బిగించుకుంటోంది. “నేను బండి మీద వెళ్తన్నానమ్మా,” అంది.

“బండి మీదైతే మరీ భయం. ఆ కొబ్బరి లారీల వాళ్లు పక్కన మనిషున్నాడో లేడో చూస్తారా?”

“అయితే ఈదుకుంటూ వెళ్తాను.”

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఆదివారం సాయంత్రం అమలాపురంలో ఆడపిల్లల కాలేజీల బాస్కెట్‌బాల్ ఫైనలు. వాళ్ల కాలేజీ ఫైనలు దాకా రావడం అదే మొదలు. ఆ ఆట చూసి యూనివర్సిటీ జట్టుకి పిల్లల్ని ఏరుకుంటారని చెప్పింది. ఇంత మంచి జరగబోతోందంటే దాని వెనకాల ఏదో పెద్ద చెడు నక్కి కూర్చుని ఉంటుందని నా అనుమానం. మా ఆయన బుల్లిరాజు గారు మస్కట్‌లో పని చేస్తారు. ఆయన దగ్గర్నుంచి ఫోను మోగినా ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని అప్పుడు ఎత్తుతాను. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను గానీ, భయపడటంలో మాత్రం పెద్ద చదువే చదివాను.

అయినా సెమీ ఫైనలు నాడు నాకేమైందో నాకే తెలీదు. ఆట ముగిసే ముందు అది ముగ్గురి మధ్య నుంచి దూరి బంతి వేసింది. బంతి ఇనప చట్రం మీద గిరగిరా తిరిగి వలలో పడింది. పక్కావిడ నా చీర కొంగు పట్టుకుని లాగుతూ కిందికి దిగమంటోంది. చూసుకుంటే నేను కుర్చీ మీద నిలబడి ఉన్నాను. ఎప్పుడెక్కానో తెలీదు.

మా అమ్మాయి బండి తీస్తుండగా పెరటి గోడ అవతల నుంచి సువర్ణక్క గొంతు వినిపించింది. సువర్ణక్క మా బావగారి భార్య, నాకు తోటికోడలు. ఆవిడ నాతో మాట్లాడదు. గోడతో మాట్లాడుతుంది.

“చదువుకునే పిల్లలు ఆదివారం కూడా స్పెషల్ క్లాసులకి వెళ్తన్నారు. బంతులాడేవాళ్లకి ఏముంది, నిక్కర్లేసుకుని గెంతడమే.”

చదువుకునే పిల్ల అంటే వాళ్లమ్మాయి. దాని పేరు గుత్తుల సూర్యావతి. మా అమ్మాయి పేరు కూడా గుత్తుల సూర్యావతే. ఇలా ఎలా జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను.

మా అత్తగారి పేరు సూర్యావతి. ఆవిడ పోయిన ఏడాదే నాకూ సువర్ణక్కకీ వారం తేడాలో ఆడపిల్లలు పుట్టారు. అమ్మ మా ఇంట్లోనే మళ్లీ పుట్టిందని బావగారు వీర్రాజు గారన్నారు. కాదు, మా ఇంట్లో పుట్టిందని మా ఆయనన్నారు. వాళ్ల పిల్లకి అత్తగారికున్నట్టే ఎడమ చెవి పక్కన మచ్చ ఉంది. మా పిల్ల అత్తగారిలాగే ఆవలించినప్పుడల్లా కళ్లంట నీళ్లు కారుస్తుంది. ఎవరో ఒకళ్లు తగ్గి వేరే పేరు పెట్టుకోమని చుట్టాలంతా చెప్పారు. ఇద్దరూ తగ్గలేదు. వాడపల్లి వెంకన్న దగ్గర వాళ్లు ఒక శనివారం పేరు పెట్టుకుంటే మేము మరుసటి శనివారం పెట్టుకున్నాం. ఆ ఎండాకాలమే పెరట్లో గోడ లేచింది. ఊళ్లో వాళ్లు మాత్రం తేలిగ్గా వాళ్ల పిల్లని పెద్ద సూరి అనీ, మా పిల్లని చిన్న సూరి అనీ పిలుచుకుంటున్నారు.

పిల్లలు గోడని లెక్క చెయ్యలేదు. దాని మీద కూర్చునే జామకాయలు తిని పెరిగారు. ఒకే స్కూలు, ఇప్పుడు ఒకే కాలేజీ. పెద్ద సూరిది కామర్సు, మా దానిది సైన్సు.

చిన్న సూరి వెళ్లాక కాసేపటికి ఫోను మోగింది. కాలేజీలో ఆటలు నేర్పే సత్యశ్రీ మేడం గారు.

“కంగారు పడకండమ్మా,” అన్నారు ఎత్తగానే.

ఎవరైనా అలా మొదలుపెట్టారంటే కంగారు పడాల్సిన సంగతి ఉన్నట్టే. మా అమ్మాయి మీద అవతలి కాలేజీ వాళ్లు ఫిర్యాదు పెట్టారనీ, యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన ఎంక్వైరీ చేస్తున్నారనీ, పిల్ల టెన్త్ సర్టిఫికెట్టూ ఆధార్ కార్డూ పట్టుకుని రమ్మనీ చెప్పారు. ఎంక్వైరీ అన్న మాట వినగానే సర్టిఫికెట్టూ కార్డూ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. అమలాపురం చేరేవరకూ ఆటోలో నాకు టీవీలే కనిపించాయి. అడుగున ఎర్ర పట్టీ మీద అక్షరాలు పరిగెడుతున్నాయి, కోనసీమలో దొంగ క్రీడాకారిణి అని. మస్కట్‌లో మా ఆయన గదిలో అందరూ కలిసి అది చూస్తున్నట్టు కూడా అనిపించింది.

గ్రౌండు పక్కన ఆటసామాన్ల గదిలో టేబులు వేసుకుని కూర్చున్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. విచారణకి వచ్చిన పెద్దాయన ఆయనే. తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు. నన్ను చూసి ముందు మంచినీళ్లు ఇప్పించారు. మూలన ఫోను చేత్తో పట్టుకుని అవతలి జట్టు కోచ్ దుర్గాప్రసాద్ గారు నిలబడి ఉన్నారు. మా పిల్ల ఎర్ర జెర్సీలో, తల వంచుకుని, గోడకి ఆనుకుని ఉంది.

సంగతి ఇది. జట్టులో ఆడే పిల్లల వివరాలన్నీ కాలేజీ వాళ్లు ముందే యూనివర్సిటీకి పంపాలి. మా అమ్మాయి ఫొటో కింద రాసిన పరీక్ష నంబరు కొట్టి చూస్తే, దుర్గాప్రసాద్ గారి ఫోనులో జి. సూర్యావతి, నాలుగు సబ్జెక్టులు ఫెయిల్ అని వచ్చింది. ఆ జి. సూర్యావతి ఆగస్టు నుంచి కాలేజీ గడప తొక్కలేదని కూడా ఆయన వాకబు చేసి తెలుసుకున్నారు. క్లాసులకి రానివాళ్లు కాలేజీ తరఫున ఆడకూడదు. అందుకని పట్టుకున్నారు. అది తన నంబరు కాదని, తను అన్నీ పాసయిందని మా పిల్ల అంది. తన నంబరు చెబితే, అందులో వచ్చిన జి. సూర్యావతి ఇంకెవరో అని దుర్గాప్రసాద్ గారు కొట్టిపారేశారు. ఆఫీసులో ఎవరో ఇద్దరు సూర్యావతుల్నీ కలిపేసి ఉంటారని సత్యశ్రీ మేడం గారు చెప్పారు. ఆదివారం కాబట్టి ఆఫీసుకి తాళం. ప్రిన్సిపాల్ గారు కాకినాడలో పెళ్లిలో ఉన్నారు, ఫోను ఎత్తడం లేదు.

“ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి, కాలేజీ ఒకటి,” అన్నారు పెద్దాయన. “అలాంటివాళ్లు ఇద్దరున్నారంటే నేనెలా నమ్మనమ్మా? ఎవరైనా ఇలా పెట్టుకుంటారా పేర్లు?”

“మేము పెట్టుకున్నామండి,” అన్నాను.

దుర్గాప్రసాద్ గారు పైకే నవ్వేశారు. “ఇంకాసేపుంటే మూడో సూర్యావతి కూడా వస్తదండీ,” అన్నారు.

పెద్దాయన నవ్వలేదు. ఆ రెండో అమ్మాయి ఎవరో చెప్పమంటే మీ అమ్మాయి ఇందాకట్నుంచీ నోరు విప్పడం లేదు, అందుకే నాకూ అనుమానంగా ఉంది అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇందులో దాచడానికి ఏముంది? ఆ పిల్ల మా బావగారి కూతురే, పక్కిల్లే అనేశాను. అంతే, చిన్న సూరి ఆ బూటుకాలితో నా పాదం తొక్కింది.

అయితే ఆ అమ్మాయినీ, వాళ్ల అమ్మనో నాన్ననో తీసుకురండి అన్నారు పెద్దాయన. ఇద్దరు పిల్లల్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తాను, ఆ నంబరు తమ పిల్లదేనని ఆ పెద్దవాళ్లు నా ఎదురుగా చెబితే చాలన్నారు. నాలుగింటికి ఆట. ఆటకి ముందు స్కోరు షీటు మీద పేర్లు రాస్తారు. అందులో పేరు ఎక్కకపోతే తర్వాత ఎక్కించడం కుదరదు. పైగా వేరేవాళ్ల నంబరు మీద ఆడినట్టు నేను రాసి పంపాల్సి వస్తుంది, చదువయ్యే దాకా మరి ఆటుండదు అన్నారు. ఆ మాట మెత్తగానే అన్నారు.

బయటికి రాగానే చిన్న సూరి నా చెయ్యి పట్టుకుంది. “వద్దమ్మా. దాన్ని పిలవొద్దు,” అంది.

“పిచ్చిదానా, వచ్చి ఒక మాట చెబితే అయిపోతుంది కదా.”

“ఆ నాలుగూ తప్పింది నిజంగానే. పెద్దమ్మకి తెలీదు.”

అప్పుడు చెప్పింది మొత్తం. పెద్ద సూరికి ఆ కామర్సు లెక్కలు తలకెక్కలేదు. ఫెయిలయ్యాక క్లాసుకి వెళ్లడానికి సిగ్గేసి మానేసింది. రోజూ క్యారేజీ పట్టుకుని కాలేజీ బస్సే ఎక్కి అంబాజీపేటలో దిగిపోతోంది. అక్కడ జాకెట్లకి మగ్గం వర్కు చేసే షాపులో పని నేర్చుకుంటోంది. స్పెషల్ క్లాసులంటే అవే. మాఘమాసం పెళ్లిళ్లు కదా, ఆదివారం కూడా సెలవు లేదు. వాళ్లమ్మ మాత్రం పిల్ల బ్యాంకు ఆఫీసరవుతుందని ఊరంతా చెప్పుకుంటోంది.

“ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆట పోతే పోనీ,” అంది. అలా అంటూనే లోపల బంతులు కొడుతున్న చప్పుడు వైపు చూసింది. ఆ చూపు చూసి నేను ఊరుకోలేకపోయాను.

ఒక్క క్షణం నాకూ దుర్బుద్ధి పుట్టకపోలేదు. ఇన్నేళ్లూ గోడ మీదుగా అనిపించుకున్నదంతా ఒక్క మాటతో తీర్చేసుకోవచ్చు. కానీ క్యారేజీ పట్టుకుని అంబాజీపేటలో దిగుతున్న పిల్ల కళ్ల ముందు మెదిలింది. సువర్ణక్కకి ఫోను చెయ్యబుద్ధి కాలేదు. ముందు ఆ పిల్లనే అడుగుదామని సత్యశ్రీ మేడం గారితో అన్నాను. ఆవిడ బండి తాళం తీశారు.

ఆడవాళ్ల వెనకాల బండెక్కడం నాకదే మొదటిసారి. మొదట్లో కళ్లు మూసుకున్నాను. ఇరుకు రోడ్డు, ఎదురుగా బస్సులు, పక్కన కాలవ. కాస్త దూరం పోయాక ట్రాక్టరు అడ్డమొచ్చి మేడం గారు నెమ్మదించారు. “కుడిపక్క సందుందండి, తోసేయండి,” అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. కొంగు గాలికి ఎగురుతోంది, గుండె దడదడలాడుతోంది, కానీ అది రోజూ ఉండే దడ కాదు. ఇంకా జోరుగా పోనిమ్మని వీపు మీద తట్టాను కూడా.

షాపులో పెద్ద సూరి చట్రానికి బిగించిన ఎర్ర పట్టుగుడ్డ మీద వంగి కూర్చుని ఉంది. బంగారు జరీతో నెమలి మెడ దాకా వచ్చింది. నన్ను చూడగానే దాని చెయ్యి ఆగిపోయింది.

“అమ్మకి తెలిసిపోయిందా పిన్నీ?” అంది.

తెలీదని చెప్పాను. గ్రౌండులో జరిగినదంతా చెప్పాను. నువ్వు రాకపోయినా నేను మీ ఇంట్లో నోరెత్తను, మీ చెల్లి అసలే వద్దంటోంది, నీ ఇష్టం అన్నాను. అది కాసేపు ఆ నెమలినే చూసింది. తర్వాత సూదిని గుడ్డకి గుచ్చి, చున్నీ తీసుకుని లేచింది.

“అది వద్దంటే నేనెందుకు వింటాను? చిన్నప్పట్నుంచీ దాని మాట విన్నానా?” అంది.

కానీ పెద్దవాళ్లెవరో ఒకళ్లు రావాలి. బావగారు కొబ్బరి లోడుతో వేరే రాష్ట్రం వెళ్లారు. మిగిలింది సువర్ణక్క. ఫోను నేను చేస్తే ఆవిడ ఎత్తదు. పెద్ద సూరే చేసింది. అమ్మా, అమలాపురం కాలేజీ గ్రౌండుకి వెంటనే రా, నాకేం కాలేదు, నువ్వు రా, అని పెట్టేసింది. ఏం కాలేదని చెప్పి పిలిస్తే ఆ తల్లి ఆ దారంతా ఏమేం ఊహించుకుంటూ వస్తుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆవిడ మీద ఆ వేళ మొదటిసారి జాలేసింది.

మేము ముగ్గురం ఒకే బండి మీద తిరిగొచ్చేసరికి గ్రౌండు నిండిపోయింది. గోడల మీద కుర్రాళ్లు, మెట్ల మీద ఆడపిల్లలు, ఎవరో డప్పులు కూడా తెచ్చారు. రెండు జట్లూ చెరో పక్క బంతులు వేసుకుంటున్నాయి. మా పిల్ల మాత్రం బెంచీ చివర ఒంటరిగా కూర్చుని ఉంది. పెద్ద సూరిని చూసి చివాలున లేచింది.

“నువ్వెందుకొచ్చావే?”

“నీ మొహం చూడ్డానికి. కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి, లేచి గెంతు.”

చిన్న సూరి నా వైపు కోపంగా చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. టేబులు దగ్గర స్కోరు షీటు మీద మా జట్టు పేర్లు రాస్తున్నారు. పెద్దాయన పెన్ను మూత తీసి పక్కనే కూర్చున్నారు. దుర్గాప్రసాద్ గారు గడియారం చూపిస్తున్నారు. ఆయనకి మా మీద పగేమీ లేదు, తన పిల్లలు గెలవాలి, అంతే. అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ గడియారాన్ని కాలవలోకి విసిరెయ్యాలనిపించింది. గేటు వైపు చూస్తున్నాను. సువర్ణక్క ఎక్కిన ఆటో బోల్తా పడిందేమో. గన్నవరంలో దిగి ఏడుస్తూ కూర్చుందేమో. అసలు బయల్దేరనే లేదేమో.

రిఫరీ ఈల ఊదాడు. పిల్లలు బెంచీల దగ్గరికి వచ్చేశారు. పెద్దాయన నా వైపు చూసి, ఇంక ఆగలేనమ్మా అన్నట్టు తలూపారు.

అప్పుడొచ్చింది సువర్ణక్క. ఇస్త్రీ చీర లేకుండా వీధి గుమ్మం దాటని మనిషి. నైటీ మీద తువ్వాలు వేసుకుని, ఊడిన జడతో, ఒక కాలికే చెప్పుతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నేను కనిపించలేదు ఆవిడకి, ఎవరూ కనిపించలేదు. పెద్ద సూరి చేతులూ తలా తడిమింది.

“ఎక్కడ తగిలిందే? ఎవరే కొట్టేరు?”

“ఏం తగల్లేదమ్మా. ఇక్కడ నిలబడు,” అని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని టేబులు ముందుకి తీసుకెళ్లింది పెద్ద సూరి.

పెద్దాయన చిన్న సూరిని కూడా పిలిచి పక్కన నిలబెట్టారు. నేను తెచ్చిన ఆధార్ కార్డూ, పెద్ద సూరి తన పర్సులోంచి తీసిచ్చిన కార్డూ చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. దుర్గాప్రసాద్ గారు కూడా మెడ చాచి చూశారు. ఈసారి నవ్వలేదు. కానీ ఈ కార్డుల మీద పరీక్ష నంబర్లుండవు కదండీ, అన్నారు. పెద్దాయన ఒప్పుకుని, ఆ నంబరు ఎవరిదో చెప్పమని పెద్ద సూరిని అడిగారు.

అది వాళ్లమ్మ వైపు చూడలేదు. టేబులు అంచు పట్టుకుని చెప్పింది.

“ఆ నంబరు నాదండి. నాలుగు సబ్జెక్టులు పోయేయి. ఆగస్టు నుంచి నేను కాలేజీకి వెళ్లట్లేదు. అంబాజీపేటలో మగ్గం పని నేర్చుకుంటన్నాను. మా చెల్లికి దీంతో ఏం సంబంధం లేదండి.”

సువర్ణక్క దాని మొహంలోకి చూసింది. తర్వాత చిన్న సూరిని, ఆ తర్వాత నన్ను. నేను ఆ పక్కనే ఉన్నానని అప్పుడే తెలిసినట్టుంది. నాకు ముందే తెలుసునని కూడా తెలిసిపోయింది.

“ఏమ్మా,” అన్నారు పెద్దాయన, “ఈ అమ్మాయి మీ కూతురేనా? తను చెప్పేది నిజమేనా? మీరు అవునంటేనే నేను ఆ అమ్మాయి పేరు రాయగలను.”

కాదంటే అయిపోయినట్టే. కాదనడం ఆవిడకి ఎంత తేలిక. మా పిల్ల రోజూ కాలేజీకి వెళ్తోందండి, ఇది వాళ్లు నేర్పించి చెప్పించారండి, అంటే చాలు. మెట్ల మీద మా ఊరివాళ్లు కూడా ఉన్నారు, అందరూ ఇటే చూస్తున్నారు. డప్పులు ఆగిపోయాయి. పెద్ద సూరి కింది పెదవి కొరుక్కుంటోంది. పెన్ను కాగితానికి కాస్త పైన ఆగి ఉంది. రిఫరీ బంతిని చంకలో పెట్టుకుని టేబులు దాకా వచ్చి నిలబడ్డాడు. మా పిల్ల ఇంక చాల్లే అన్నట్టు జెర్సీ కొస పట్టుకుని పైకి లాగబోయింది. ఆ చేతిని సువర్ణక్క గట్టిగా పట్టుకుని ఆపింది. తువ్వాలుతో మొహం తుడుచుకుంది. ఊడిన జడని ముడేసుకుంది.

“ఆయ్, నా కూతురేనండీ,” అంది చివరికి. “అది చెప్పింది నిజమే. ముందు ఈ పిల్ల పేరు రాయండి, అవతల ఆట మొదలెట్టేస్తన్నారు.”